ఇరవై మూడో ప్రశ్న

సోమవారం పొద్దున్నే పెద్ద డాక్టరమ్మ కౌంటరు ముందు ఆగింది. బ్యాగు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని, కౌంటరమ్మాయి మొహాన్ని ఎడమ చెంప దగ్గర మొదలుపెట్టి కుడి చెంప దాకా పరీక్షగా చూసింది. గడ్డం కింద కొత్తగా లేచిన రెండు మొటిమల దగ్గర ఆ చూపు ఆగిపోయింది.

"ఇవాళ్టి నుంచి నువ్వు కింద కూర్చో అమ్మా," అంది.

"కిందంటే, మేడమ్?"

"రికార్డు రూములో. చిన్న డాక్టరు తన పరిశోధనకి మనిషి కావాలని చంపుతున్నాడు. అదీకాక, ఇది చర్మం ఆస్పత్రి. లోపలికి అడుగుపెట్టగానే నీ మొహం కనిపిస్తే, సొంత మనిషికే నయం చెయ్యలేకపోయారు, మనకేం చేస్తారని అనుకోరూ? తప్పుగా అనుకోకు. తగ్గాక మళ్ళీ పైకి వద్దువుగాని."

చెంప మీద కొట్టి తప్పుగా అనుకోవద్దనడం పెద్దవాళ్ళకి మాత్రమే చేతనైన విద్య. కౌంటరమ్మాయి తప్పుగానే అనుకుంది కానీ, పైకి "సరే మేడమ్" అంది. మూడేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని, వచ్చేవాళ్ళని గొంతుని బట్టి గుర్తుపట్టే స్థాయికి వచ్చిన మనిషి, పెన్నూ మంచినీళ్ళ సీసా పట్టుకుని లేచింది. ఆ కుర్చీలోకి మందుల షాపులో పనిచేసే పిల్లని తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పిల్ల చెంపలు అద్దాల్లా ఉన్నాయి. పాపం, ఫోనెత్తి ఏం చెప్పాలో మాత్రం తెలీదు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి "హలో, ఎవరు? ఎవరు కావాలి? ఎందుకు?" అని వినిపించింది.

కింద ఇనుప అరలు, అరల నిండా ఫైళ్ళు, నెత్తిమీద గుయ్యిమనే ట్యూబులైటు. పక్క గదిలో లాబ్. అక్కడ ఇరవై ఏళ్ళుగా రక్తం తీస్తున్న ఆయన్ని ఆస్పత్రి మొత్తం బాబాయ్ అనే పిలుస్తుంది.

"రా అమ్మాయ్, పాతాళానికి స్వాగతం," అన్నాడు బాబాయ్. "ఇక్కడ ఒకటే సుఖం. ఎవరూ మన మొహం చూడరు."

కౌంటరమ్మాయికి ఏడుపు రాబోయింది. రావడానికి వ్యవధి లేకపోయింది. చిన్న డాక్టరు రెండేసి మెట్లు దూకుతూ దిగి, చేతిలో ఉన్న కాగితాల కట్టని బల్ల మీద పడేశాడు.

"ఆఖరి బ్యాచ్ వచ్చేసింది బాబాయ్! మీరేనా కిందికి వచ్చింది? రండి, రండి, కూర్చోండి. ఈ అంకెలు ఎక్కించేస్తే తెలిసిపోతుంది!"

"ఏం తెలిసిపోతుంది సార్?"

ఆయన ఆయాసపడుతూనే చెప్పాడు. ఆరు నెలలుగా మొటిమలున్న అరవై మంది దగ్గర, లేని అరవై మంది దగ్గర రక్తం తీసుకున్నాడు. ఒక్కొక్కరి చేత ఇరవై రెండు ప్రశ్నల ఫారం నింపించాడు. పాలు తాగుతారా, గుడ్లు తింటారా, ఎన్ని గంటలు నిద్రపోతారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా. అందరి రక్తంలోనూ డి విటమిన్ ఎంతుందో చూడడమే పని. మొటిమలున్నవాళ్ళలో అది తక్కువగా ఉంటుందని బయట కొందరు రాశారు, కాదని కొందరు రాశారు. మన దగ్గర ఎలా ఉందో చూడాలి.

పని సులువే. లాబ్ చీటీలో అంకె చూసి, ఆ మనిషి ఫారం మీద కుడి మూల ఎర్ర పెన్నుతో పెద్దగా వెయ్యాలి. మొటిమలున్నవాళ్ళ ఫారాలు ఒక దొంతి, లేనివాళ్ళవి ఒక దొంతి. పదిహేను ఫారాలు అయ్యేసరికి కౌంటరమ్మాయి చెయ్యి తనంతట తానే వేగం అందుకుంది. ఎడమ దొంతిలో పన్నెండు, తొమ్మిది, పదిహేను. కుడి దొంతిలో ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై. చిన్న డాక్టరు ఆమె భుజం మీదుగా తొంగి చూస్తూ, ఒక్కో అంకెకీ "అబ్బ!" అంటున్నాడు. బాబాయ్ కూడా సూదులు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి సగటు తేలింది. మొటిమలున్నవాళ్ళకి పధ్నాలుగు. లేనివాళ్ళకి ఇరవై ఆరు.

చిన్న డాక్టరు ఎగిరి గంతేశాడు. నెత్తి ఇనుప అరకి కొట్టుకుంది. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"సార్, ఈ అరవైలో నాది కూడా ఉంది," అంది కౌంటరమ్మాయి, దొంతిలోంచి, ఎందుకో అడక్కుండానే నింపిన తన ఫారం లాగి. "పదకొండు. తక్కువేనా?"

"చాలా తక్కువ! ఇరవైకి పైనుండాలి!"

లాటరీ తగిలినట్టు సంబరపడింది ఆ పిల్ల. సంబరం కాక మరేమిటి? నూనె వస్తువులు తింటున్నావు, దిండు గలీబు ఉతకడం లేదు, మొహం సరిగ్గా కడుక్కోవు, ఫోను చెంపకి ఆనించి మాట్లాడతావు అని చుట్టాలూ స్నేహితురాళ్ళూ బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళూ ఇన్నాళ్ళూ ఎన్ని నేరాలు మోపారు! ఇప్పుడు ఒక అంకె వచ్చి, నీ తప్పేం లేదే అమ్మాయ్ అని చెబుతోంది.

మంగళవారం పెద్ద డాక్టరమ్మ స్వయంగా మెట్లు దిగి వచ్చింది. ఆవిడ ఆ గదిలో కాలుపెట్టి ఏడాది దాటిందని బాబాయ్ తర్వాత చెప్పాడు. పధ్నాలుగు, ఇరవై ఆరు అన్న అంకెలు చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది.

"శనివారం పదింటికి మీటింగ్ పెట్టేద్దాం. ఊళ్ళో ఉన్న డాక్టర్లందరినీ పిలుద్దాం, మన పేషెంట్లని కూడా పిలుద్దాం. 'మొటిమల అసలు కారణం దొరికింది' అని గుమ్మానికి బ్యానరు కట్టిద్దాం. డి విటమిన్ కోర్సు మనమే మొదలుపెడదాం."

"మేడమ్, కారణం అనలేమండి," అన్నాడు చిన్న డాక్టరు మెల్లగా. "రెండూ కలిసి కనిపిస్తున్నాయి, అంతే..."

"అదేలే. మీటింగులో నువ్వు నీ భాషలో చెప్పు. బ్యానరు నా భాషలో రాయిస్తాను." అని ఆవిడ కౌంటరమ్మాయి వైపు తిరిగింది. "నీది పదకొండట కదా? మరీ మంచిది. ఇవాళ ఒక ఫోటో తీయిద్దాం. మూడు నెలలు మాత్రలు వేసుకుని మొహం నున్నబడ్డాక ఇంకోటి తీయిద్దాం. ఈ లోగా అందరికీ నువ్వే చెప్పాలి, నేనూ మొదలుపెట్టానండీ అని. శనివారం నుంచి పైకొచ్చి నీ కుర్చీలో కూర్చో. ఆ మందుల షాపు పిల్ల ఫోనెత్తితే పేషెంట్లు బెదిరిపోతున్నారు."

కౌంటరమ్మాయికి కాలు నేల మీద నిలవలేదు. ఇంటికెళ్ళి చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి కేక పెట్టింది. "అమ్మా, శనివారం నుంచి మళ్ళీ పైనే!"

వాళ్ళమ్మ చొక్కాలకి కాజాలు కుడుతోంది. కిందికి దింపారన్న సంగతి నిన్న విన్నప్పుడు సూది వేలికి గుచ్చుకున్నా ఉలకలేదు, పలకలేదు. ఇవాళ మాత్రం సూది చొక్కాకే గుచ్చి వదిలేసి లేచింది.

"ఏమన్నారేంటి? తప్పైపోయిందన్నారా?"

"అలా ఎందుకంటారే? నా రక్తంలో విటమిన్ తక్కువట. నాదేం తప్పు లేదట!"

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాగా, రక్తం సరిగ్గా లేదని," అంది వాళ్ళమ్మ. నిజానికి ఆవిడ మొదట్నుంచీ చెబుతున్నది వేపుళ్ళు మానెయ్యమని. కూతురు ఆ సంగతి గుర్తుచెయ్యలేదు. శనివారానికి వేసుకోవాల్సిన బట్టలు ఆ సాయంత్రమే ఇస్త్రీ చేసి పెట్టేశారు తల్లీకూతుళ్ళు.

బుధవారం పనల్లా అరవై మందికీ ఫోన్లు చెయ్యడం. శనివారం పదింటికి రండి, మీ పుణ్యమా అని కొత్త సంగతి తెలిసింది అని చెప్పాలి. కౌంటరమ్మాయికి అది చిటికెలో పని. మొదటి నలుగురూ వస్తామన్నారు. అయిదో నంబరు లెక్కల మాస్టారిది. చాలా పద్ధతైన మనిషి, మందు పొద్దున వెయ్యాలా రాత్రి వెయ్యాలా అని రెండుసార్లు అడిగి రాసుకునే రకం.

"శనివారం పదింటికా?" అన్నాడాయన. "పగలు కష్టమమ్మా. ఆరు దాటాక పెట్టుకోకూడదూ?"

"స్కూలుందా మాస్టారూ?"

"స్కూలు కాదు. ఎండ కదా! నువ్వేగా తల్లీ చెప్పావు, ఎండ తగలనివ్వకండి మాస్టారూ, తప్పకపోతే మొహం, చేతులు పూర్తిగా కప్పుకోండి అని. నువ్వు చెప్పిన దగ్గర్నుంచి, ఎనిమిది నెలలైంది, ఎండ పొడ నా మీద పడలేదు. పొద్దున చీకటితో స్కూలుకి వెళ్ళి కూర్చుంటాను, చీకటి పడ్డాక వస్తాను. ఇంటర్వెల్లో కూడా స్టాఫ్ రూము దాటను. చెప్పింది చెప్పినట్టు చేస్తున్నాను!"

ఆయన గొంతులో ఎంత గర్వం! కౌంటరమ్మాయి "చాలా సంతోషం మాస్టారూ" అని ఫోను పెట్టేసి, ఆరో నంబరు నొక్కబోయి, నొక్కకుండా కూర్చుండిపోయింది.

తర్వాత ఏడుగురికి చేసింది. చివర్లో మాటల మధ్య మాటగా ఎండలోకి వెళ్తున్నారా అని అడిగింది. అయిదుగురు అయ్యో లేదండీ అన్నారు. ఒకావిడ వెంటిలేటరుకి కూడా నల్ల కాగితం అంటించానంది.

ఆమె లేచి అరలోంచి సలహా చీటీల కట్ట తీసింది. మొటిమలతో వచ్చిన ప్రతి మనిషికీ కౌంటరు దగ్గర ఇచ్చే చీటీ అది. మొటిమల మందులు వాడేటప్పుడు చర్మం ఎండకి తొందరగా కందిపోతుందని ఏనాడో అచ్చు వేయించారు. మూడో లైను: ఎండలో తిరగరాదు. చీటీ చేతికిస్తే చదవరని, ప్రతి ఒక్కరికీ ఆమే పైకి చదివి వినిపించేది. ఆ లైను దగ్గర గొంతు పెంచేది కూడా. మూడేళ్ళలో ఎన్ని వందలసార్లు చదివిందో!

చిన్న డాక్టరు ఫారం తీసి, ఇరవై రెండు ప్రశ్నలూ వేలు పెట్టి చదివింది. చేపలున్నాయి, చాక్లెట్లున్నాయి, మనోవ్యధ ఉంది. ఎండ లేదు.

చీటీ పక్కన ఫారం పెట్టి చూసింది. డి విటమిన్ ఒంట్లో తయారయ్యేది ఎండ తగిలితేనని సోమవారం అంకెలు ఎక్కిస్తుంటే చిన్న డాక్టరు చెప్పిన మాటే. మనమే జనాన్ని ఎండలోకి వెళ్ళొద్దని ఇళ్ళల్లో కూర్చోబెట్టి, మనమే రక్తం తీసి, అయ్యో తక్కువుందే అని గంతులేశామా?

మరుక్షణం ఇంకో ఆలోచన తన్నుకొచ్చింది. అందరికీ చీటీ ముందే అందలేదు! మొదటిసారి వచ్చినవాళ్ళని చిన్న డాక్టరు నేరుగా లాబ్‌కి పంపేవాడు. రక్తం ఇచ్చి పైకొచ్చాకే ఆమె చీటీ చదివేది. అంటే, ఫైలు తెరిచిన తేదీ, రక్తం తీసిన తేదీ ఒకటే అయితే ఆ మనిషి చీటీ వినకముందు రక్తం ఇచ్చినట్టు. ఈ సంగతి కౌంటరులో కూర్చున్న మనిషికి తప్ప ఇంకెవరికీ తెలిసే వీలు లేదు.

మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత కూడా తియ్యలేదు. అరవై ఫైళ్ళూ దించి నేల మీద పరిచింది. చతికిలబడి, మోకాళ్ళ మీద జరుగుతూ, ఒక్కో ఫైలు తేదీని ఫారం తేదీతో సరిచూసింది. కొత్తవాళ్ళు గోడ వైపు. పాతవాళ్ళు గుమ్మం వైపు. గోడ వైపు పంతొమ్మిది, గుమ్మం వైపు నలభై ఒకటి తేలాయి. ఫోనులో కూడింది. తప్పేమోనని ఇంకోసారి కూడింది. తర్వాత "బాబాయ్!" అని ఒక్క కేక పెట్టింది.

బాబాయ్ పరిగెత్తుకొచ్చి, పాము కనబడిందేమో అన్నట్టు ముందు నేలంతా చూశాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తనూ కూడాడు. పాతవాళ్ళ సగటు పది. కొత్తవాళ్ళకి ఇరవై రెండు.

"ఓరి నాయనో!" అన్నాడు బాబాయ్. "ఇరవై ఏళ్ళుగా రక్తం తీస్తున్నాను, దాని వెనక ఇంత కథ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు." తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఒక మాట. శనివారం కానీ. నువ్వు ముందు పైకెళ్ళి నీ కుర్చీలో కూర్చో. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పొచ్చు. రెండ్రోజులు నోరు మెదపకపోతే పోయేదేముంది?"

ఆ మాటా నిజమే. ఇస్త్రీ చేసిన బట్టలు కళ్ళముందు కదిలాయి. సూది వదిలేసి లేచిన అమ్మ కనిపించింది. కానీ శనివారం తను కౌంటరు దగ్గర నిలబడి, ఎనిమిది నెలలు చీకట్లో కూర్చున్న మాస్టారికి ఏం చెప్పాలి? మీ మొటిమలకి కారణం దొరికింది, మాత్రలు కొనుక్కోండి అనా? చెప్పింది చెప్పినట్టు చేసే మనిషాయె, ఆ మాత్రలు కూడా లెక్క తప్పకుండా మింగుతాడు.

ఆ ఆలోచన వచ్చాక ఇక కూర్చోలేకపోయింది. రెండు దొంతుల ఫారాలూ గుండెకి హత్తుకుని మెట్లెక్కింది. పెద్ద డాక్టరమ్మ గదిలో చిన్న డాక్టరు కూడా ఉన్నాడు. శనివారం ఎవరు ఎక్కడ కూర్చోవాలో మాట్లాడుకుంటున్నారు.

"మేడమ్, సార్, ఒక్క నిమిషం," అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. చీటీ సంగతి, మాస్టారి సంగతి, తేదీలు, పది, ఇరవై రెండు. చెబుతుంటే భయం పోయి ఎక్కడలేని హుషారు వచ్చింది. బల్ల మీద దొంతులు పెట్టి, అరచేత్తో ఒక్కోదాన్నీ తట్టి మరీ చూపించింది.

"నిన్నెవరడిగారు?" అంది పెద్ద డాక్టరమ్మ.

ఎవరూ అడగలేదు. ఆ మాటే చెప్పింది. "ఎవరూ అడగలేదు మేడమ్."

చిన్న డాక్టరు ఫారాలు తిరగేస్తున్నాడు. మొహం పాలిపోయింది. ఆరు నెలల కష్టం మరి.

"కొత్తవాళ్ళు కూడా ఇరవై రెండే," అన్నాడు చివరికి, మునిగేవాడు గట్టు పట్టుకున్నట్టు. "మొటిమలు లేనివాళ్ళకి ఇరవై ఆరు. ఇంకా నాలుగు తేడా ఉంది కదా? వీళ్ళు చీటీ వినలేదు కదా?"

"ఆ నాలుగు నాకు తెలుసు సార్."

"ఏం తెలుసు?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి, అమ్మకి కూడా.

"మాకు ఎండ మానెయ్యమని ఎవరూ చెప్పక్కర్లేదు సార్. మొదటి మొటిమ వచ్చిన వారానికే మానేస్తాం. ఎండలో నిలబడితే ప్రతి గుంటా కనిపిస్తుంది. అందుకని రోడ్డుకి నీడ వైపే నడుస్తాం. బస్సులో కిటికీ పక్కన సీటున్నా కూర్చోం. పగలు పెళ్ళికి పిలిస్తే కడుపునొప్పంటాం. డాక్టరు దగ్గరికి వచ్చేసరికే ఏడాదో రెండేళ్ళో అయిపోయుంటుంది. విటమిన్ తక్కువై మొటిమలొచ్చాయో, మొటిమలొచ్చి దాక్కుంటే విటమిన్ తక్కువైందో, ఈ ఫారంలో లేదు సార్."

 చిన్న డాక్టరు తన చెంప తడుముకున్నాడు. నున్నటి చెంప. జీవితంలో ఒక్కసారి కూడా నీడ వెతుక్కోని చెంప.

"ఇరవై రెండు ప్రశ్నలు రాశాను," అన్నాడు. "ఇది నాకు తోచనే లేదు." తర్వాత మెల్లగా ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "అంటే, నిజంగా కొంత ఉందేమో కూడా! లేదేమో కూడా! ఏమీ తెలీదు మేడమ్! మళ్ళీ మొదటి నుంచి తేల్చాలి!" తెలీదు అన్న మాట అంత ఆనందంగా అనే మనిషిని కౌంటరమ్మాయి మొదటిసారి చూసింది.

"బ్యానరు అచ్చైపోయింది," అంది పెద్ద డాక్టరమ్మ.

"నేను మాట్లాడలేను మేడమ్. మాట్లాడితే అబద్ధమవుతుంది."

ఆవిడ ఫారాల దొంతుల్ని పక్కకి నెట్టింది. తర్వాత కౌంటరమ్మాయికేసి చూసి, "పైకి వద్దామనుకున్నదానివి, నీ నోటితో నువ్వే పాడు చేసుకున్నావు. వెళ్ళు, కిందికి వెళ్ళి పని చూసుకో," అంది.

మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు కాబట్టి ఏడ్చింది. అయితే అది వింత ఏడుపు. లోపల గుండె మాత్రం ఆగకుండా గెంతుతూనే ఉంది. కుర్చీ పోయిందన్న బాధ బాధే. తను కనిపెట్టిందన్న ఆనందం ఆనందమే. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోకుండా పక్కపక్కనే కూర్చున్నాయి.

శనివారం బ్యానరూ లేదు, మీటింగూ లేదు. చిన్న డాక్టరు మాత్రం పొద్దుట్నుంచే కొత్త ఫారాలు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా అడగడం మొదలుపెట్టాడు. కొత్త ఫారంలో ఒక ప్రశ్న పెరిగింది: రోజుకి ఎంతసేపు ఎండలో ఉంటారు? ఎంతకాలంగా? పదకొండున్నరకి ఆయన జుట్టు పీక్కుంటూ కిందికి వచ్చాడు.

"ఏడుగురిని అడిగాను. ఏడుగురూ రోజూ గంటసేపు ఎండలో తిరుగుతామంటున్నారు. అందులో ఒకాయన చేతులకి గ్లౌజులేసుకుని మరీ వచ్చాడు! నాకెందుకు అబద్ధం చెబుతున్నారు?"

"మీ మొహం చూసి ఎవరు నిజం చెబుతారు సార్?" అనేసింది కౌంటరమ్మాయి. అనేసి నాలుక్కరుచుకుంది. పక్క గదిలోంచి బాబాయ్ పగలబడి నవ్వాడు.

చిన్న డాక్టరు నవ్వలేదు. ఆమె మొహంలోకి చూశాడు. మూడేళ్ళలో ఆ ఆస్పత్రిలో ఎవరూ ఆమె మొహాన్ని అలా చూడలేదు. మందు చీటీ రాయడానికో, పంపెయ్యడానికో కాక, పనికొచ్చే వస్తువుని చూసినట్టు చూశాడు. తర్వాత ఆమె బల్లకి ఒక కొస పట్టుకుని, "బాబాయ్, ఆ కొస పట్టండి," అన్నాడు.

ఇద్దరూ ఆ బల్లని మెట్ల మీదుగా గోడలకి గీరుకుంటూ మోసుకెళ్ళి, పైన డాక్టర్ల గదుల ముందు, అందరూ కూర్చునే చోట సరిగ్గా మధ్యలో దించారు. చప్పుడుకి పెద్ద డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఏమిటిది?"

"మేడమ్, ఈ ప్రశ్న ఈ అమ్మాయి అడిగితేనే జవాబొస్తుంది," అన్నాడు చిన్న డాక్టరు.

ఆవిడ బల్లని చూసింది. బల్ల వెనక నిలబడ్డ కౌంటరమ్మాయిని చూసింది. అద్దాల చెంపల పిల్ల కౌంటరులోంచి ఆశగా చూస్తోంది, ఫోను తీసుకుపోతారేమోనని. పెద్ద డాక్టరమ్మ లోపలికి వెళ్ళబోతూ ఆగి, "అక్కడ ఫ్యాను గాలి రాదు. కాస్త ఇటు జరపండి," అని వెళ్ళిపోయింది.

మొదటగా వచ్చింది పదహారేళ్ళ పిల్ల, వాళ్ళమ్మతో. మొహానికి కళ్ళు మాత్రం కనిపించేలా చున్నీ చుట్టుకుని ఉంది. ప్రశ్న కూతురికి వేస్తే జవాబు తల్లి చెబుతోంది. పాలు తాగుతుందండీ. ఎనిమిది గంటలు పడుకుంటుందండీ. కౌంటరమ్మాయి ఇరవై రెండూ రాసుకుని, తలెత్తి, ఇరవై మూడోది అడిగింది.

"రోజూ వెళ్తుందండీ," అంది తల్లి. "మా మేడ మీదే ఎండ."

పిల్ల చున్నీ సందులోంచి కౌంటరమ్మాయి గడ్డాన్ని, చెంపల్ని, నుదుటిని నిదానంగా చూస్తోంది. తర్వాత చున్నీ ముడి విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"అక్కా, మీరు వెళ్తారా ఎండలోకి?"

కౌంటరమ్మాయి పెన్ను ఆగింది. "వెళ్ళను," అంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు."

"నాది మూడు!" అంది ఆ పిల్ల, కుర్చీ ముందుకి లాక్కుని, పందెంలో గెలిచినంత ఉత్సాహంగా. "మూడేళ్ళ నాలుగు నెలలు. రాసుకోండక్కా."

తల్లి కూతురి వైపు తిరిగి నోరు తెరిచింది. కౌంటరమ్మాయి రాసుకుంది.